అటక మీద దేవుళ్లు

నేను నాస్తికుణ్ణని నలుగురిలో లేచి చెప్పడం తెలివితక్కువ పని అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. వినే రకమే అయితే నాస్తికుణ్ణి ఎందుకవుతాను?

చెప్పింది ఏ మహాసభలోనో కాదు. నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్‌కూ మధ్య సందులో ఉన్న మా అపార్ట్‌మెంటు మీటింగులో, లిఫ్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు. స్కూటర్లు పెట్టే మూలలో చిన్న గుడి కడదామన్న మాట వచ్చింది. అందరూ తలలూపారు. నేను లేచి, గొంతు సవరించుకుని, "నేను నాస్తికుణ్ణి. నాకు గుడి వద్దు, నా స్కూటరుకు చోటు కావాలి" అన్నాను.

గొడవ అవుతుందనుకున్నాను. అరిస్తే చెప్పడానికి జవాబులు కూడా సిద్ధం చేసుకుని వచ్చాను. ఆ జవాబులన్నీ ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరుకున్నవి. అంటే నాది సెకండ్ హ్యాండ్ నాస్తికత్వం. అట్ట చిరిగినది, నడుమ కొన్ని పేజీలు లేనిది. నాకంటే ముందు చదివినవాడు ఎవడో పెన్నుతో గీతలు గీసిన చోటల్లా నేనూ ఒప్పుకుంటూ పోయాను.

పైగా నా వృత్తి చూడండి. ఆబిడ్స్‌లో పటాలు కట్టే షాపు నాది. మా షాపుకు వచ్చే పటాల్లో చాలామటుకు దేవుళ్లవి, మిగిలినవి పోయినవాళ్లవి. వెంకటేశ్వరస్వామికి బంగారు రంగు ఫ్రేము, తాతగారికి నల్ల ఫ్రేము. దేవుళ్లకు అద్దం పట్టి పొట్ట పోసుకునే నాస్తికుణ్ణి నేను. ఆస్తి లేదు, ఉన్నదంతా నాస్తే అని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

సరే, మీటింగులో ఎవరూ అరవలేదు. మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారికి బేగం బజార్‌లో మిర్చి, పసుపు దుకాణం. పాత హైదరాబాదు మనిషి, నిదానస్తుడు. ఆయన నన్ను కాసేపు చూసి, "మంచిదే సార్. మనిషన్నంక ఏదో ఒకటి ఉండాలె. మీకు గిది ఉన్నది" అన్నాడు. మీటింగు ముగిసింది. నా జవాబులు నా దగ్గరే మిగిలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన మా తలుపు తట్టాడు. చేతిలో పేపరులో చుట్టిన పటం. విప్పి చూస్తే లక్ష్మీదేవి. అద్దం మూల నుంచి మూలకు పగిలింది.

"సార్, గిది జర మీరు చూసుకోండ్రి."

"అద్దం మార్చాలా?"

"మార్చుడు కాదు సార్, తీసేసుడు. అద్దం పగిలిన లక్ష్మి ఇంట్ల ఉండొద్దంటరు. పారేద్దమంటే చేతులొస్తలేవు. మీరైతే..."

"నేనైతే?"

"మీకు పాపం అంటదు గద."

అన్నాక అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకు గూడ గివన్ని నమ్మకం లేవు సార్. ఇంట్లోళ్ల కోసం" అన్నాడు.

పాడైన దేవుడి పటాన్ని ఏం చేయాలన్నది మన ఇళ్లలో పెద్ద చిక్కు. ఉంచుకోకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. పూర్వం మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉండేది. అందరూ చీకటి పడ్డాక పాత పటాలు తెచ్చి ఆ దిమ్మెకు ఆనించి, దండం పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. రోడ్డు పనుల్లో ఆ దిమ్మె పోయింది. సరిగ్గా అదే సమయంలో నేను లేచి నాస్తికుణ్ణన్నాను. దిమ్మె ఖాళీ చేసిన ఉద్యోగంలో నన్ను వేసుకున్నారు.

ఆ తర్వాత వరస కట్టారు. చెమ్మకు ఉబ్బిన సాయిబాబా. కర్పూరం సెగకు ముఖం నల్లబడిన ఆంజనేయుడు. బంధువులెవరో గృహప్రవేశానికి ఇస్తే ఇంట్లో రంగులకు నప్పలేదని తీసేసిన రాధాకృష్ణులు. రెండో అంతస్తులో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరుగారు సుబ్రహ్మణ్యస్వామి పటాలు రెండు టవల్లో చుట్టి తెచ్చారు.

"ఏమీ అనుకోకండి. మాకూ ఇలాంటివాటి మీద పెద్ద పట్టింపు లేదనుకోండి. అత్తగారు ఏమన్నా అంటారేమోనని."

ప్రతివాళ్లూ ఇదే మాట. మెట్ల మీద, గొంతు తగ్గించి, నాకూ నమ్మకం లేదు గానీ అని. మా మెట్ల మీద నిలబడి లెక్క తీస్తే మా బిల్డింగంతా నాస్తికులే. గుమ్మాల దగ్గర లెక్క తీస్తే నేనొక్కణ్ణే. ఈ దేశంలో దేవుణ్ణి నమ్మనివాళ్లు ఎంతమంది అని నన్నెవరైనా అడిగితే, ఎక్కడ నిలబెట్టి అడుగుతున్నారో ముందు చెప్పమంటాను.

అడిగేవాళ్లూ వచ్చారు ఒకసారి. ఇంటింటి సర్వే అని ఒక అమ్మాయి మెడలో కార్డు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

"మతం ఏం పెట్టాలె అంకుల్?"

"ఏమీ లేదమ్మా. మతం లేదు."

"గట్ల ఉండదు అంకుల్."

"ఉంది కదమ్మా, నీ ముందే కూర్చున్నాను."

ఆ అమ్మాయి నన్ను చూసింది, మా ఆవిడను చూసింది, ఆవిడ మెడలో పుస్తెలతాడు చూసింది. ఏదో నొక్కింది. "హిందూ అని కొట్టిన అంకుల్. లేకుంటే ముందుకు పోతలేదు" అంది. ఎండన పడి వచ్చిన పిల్ల, ఇంకా ఎన్నో గుమ్మాలు ఎక్కాలి. మంచినీళ్లిచ్చి పంపాం. నా వల్ల ఏదీ ముందుకు పోకుండా ఆగిపోవడం నాకూ ఇష్టం ఉండదు.

పటాల సంగతికి వస్తాను. పారేస్తానని అందరూ నాకిచ్చారు. నేను పారేయలేదు. భక్తి అనుకునేరు, కాదు. అద్దం ఉన్న పటాన్ని చెత్తలో వేస్తే పొద్దున్న ఊడ్చే మనిషి చెయ్యి తెగుతుంది. అదొకటి. రెండోది, పాత పటాలకు వాడిన టేకు చెక్క ఇప్పుడు దొరకదు. చేతిలో పట్టుకుంటే పారేయబుద్ధి కాదు. వెనక పెన్సిలుతో ఫ్లాటు నంబరు రాసి వంటింటి అటక మీద పెట్టేవాణ్ణి. నంబరు రాయడం షాపు అలవాటు. ఏ పటం ఎవరిదో రాసుకోకపోతే ఒకరి తాత ఇంకొకరి గోడెక్కుతాడు.

"గీ అటక మీద ఉన్నంత మంది దేవుండ్లు గుళ్లె గూడ లేరు" అనేది మా ఆవిడ. "నాస్తికుడి ఇల్లంట!"

ఆవిడ నమ్ముతుందో లేదో పెళ్లయినప్పటి నుంచీ నేను అడగలేదు. శుక్రవారం దీపం పెడుతుంది. నేను ఊదుబత్తి పొగకు దగ్గుతాను. మా కాపురంలో మత సామరస్యం అంటే అదే. కానీ ఆవిడకు ఒకటుంది. గొంతు. మంగళహారతి ఎత్తుకుందంటే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తారు. శ్రావణమాసంలో మా బిల్డింగులో ఏ ఇంట్లో వ్రతం చేసుకున్నా హారతి పళ్లెం పట్టుకుని, "అక్క వచ్చిందా? అక్క వచ్చినంక వెలిగిద్దం" అని ఆగేవాళ్లు. ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్లి, పాదాలకు పసుపుతో, కొంగులో నానబెట్టిన శనగలతో, ముఖమంతా వెలుగుతో తిరిగొచ్చేది. ఏడాదంతా నా షాపు దుమ్మూ, నా వాదనలూ భరించినందుకు ఆవిడకు దొరికేది ఆ నెల. ఆ నాలుగు ఇళ్లు. ఆ పాట.

కిందటేడు వర్షాలకు ఉస్మాన్‌గంజ్‌లో ప్రెసిడెంటుగారి గోడౌన్‌లోకి నీళ్లొచ్చి మిరపకాయల బస్తాలు నానిపోయాయి. మురుగునీటి నాలా పూడిపోయి నీళ్లొచ్చాయని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆయన ఇంటికి ఒక పంతులుగారిని పిలిపించాడు. ఆ పంతులు బిల్డింగు చుట్టూ తిరిగి, ఇక్కడ ఏదో ఇంట్లో భిన్నమైన, అంటే పగిలి పాడైన దేవుళ్లున్నారు, దోషమంతా అక్కడుంది అని చెప్పి వెళ్లాడు. ఏ ఇల్లో చెప్పక్కర్లేదు. అందరికీ తెలుసు. తెలియకేం, మోసింది వాళ్లే కదా.

నన్నెవరూ ఏమీ అనలేదు. అదే వచ్చిన చిక్కు. అని ఉంటే ఆ పాత జవాబులు పనికొచ్చేవి.

వరలక్ష్మీ వ్రతం నాడు మా ఆవిడ మధ్యాహ్నమే తలంటుకుని, మామిడిపిందెల అంచు పట్టుచీర కట్టుకుని కూర్చుంది. కుంకుమ భరిణె పట్టుకుని పిలవడానికి వస్తారు కదా, తలుపు ఓరగా తీసి పెట్టింది. మెట్ల మీద గాజుల చప్పుడు అయినప్పుడల్లా లేచింది. గాజులు పైకి వెళ్లిపోయాయి.

"పనిల ఉన్నరేమో" అంది. కొంచెం సేపటికి, "మనింటికి చివర్ల వస్తరు, కింది అంతస్తు గద" అంది. నేను మంచినీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి పోయి అటక కింద నిలబడ్డాను.

చీకటి పడుతుండగా పై నుంచి గంట మోగింది. తర్వాత హారతి పాట. మనిషి గొంతు కాదు. ఫోనులో పెట్టారు. మధ్యలో ఒక అడ్వర్టైజ్‌మెంటు కూడా వచ్చింది.

మా ఆవిడ పాట చివరిదాకా విన్నది. "శ్రుతి మంచిగున్నది" అంది. లేచి లోపలికి వెళ్లి చీర విప్పి, మడతలు కలిపి, బీరువాలో పెట్టేసింది.

నాస్తికుణ్ణయినందుకు ఏం పోగొట్టుకున్నావని ఎవరైనా అడుగుతారేమోనని నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను. గొప్ప జవాబు చెబుదామని. నిజానికి నేను పోగొట్టుకున్నదేమీ లేదు. నా షాపు నాకుంది, ఆదివారం ఫుట్‌పాత్ నాకుంది. పోగొట్టుకున్నది ఆవిడ. నమ్మకం లేనిది నాకు, పిలుపు లేనిది ఆవిడకు.

మర్నాడు మెట్ల మీద టీచరుగారు ఎదురుపడ్డారు. నేను అడగకుండానే చెప్పారు.

"మీ ఆవిడంటే మాకేం లేదండీ, బంగారం లాంటి మనిషి. ఇంట్లో భిన్నమైన పటాలున్నాయట కదా, అందుకని..."

"అందులో మీవి రెండున్నాయి టీచరుగారూ."

"అవి మీకిచ్చేశాంగా!" అన్నారావిడ, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఉండబట్టలేక ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"ఆ పటాలు మీరందరూ ఇచ్చినవే కదండీ?"

"ఔ సార్, ఇచ్చినం. పారేస్తరని ఇచ్చినం. దాచిపెడ్తరని మాకేం ఎరుక? నేను అడుగుత చెప్పుండ్రి, నాస్తికుడు దేవుణ్ని దాచిపెట్టుడేంది?"

ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. బహుశా చిరిగిపోయిన పేజీల్లో ఉండి ఉంటుంది.

"నమ్మకం లేదంటరు, మల్ల అటక మీద పెట్టుకుంటరు. మీరన్నా సక్కగ నాస్తికులు గావాలె గద సార్" అని తలుపు వేసుకున్నాడు. ఆస్తికులు నన్ను తిడితే వినడానికి ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాను. నా నాస్తికత్వం చాలలేదని తిడతారని మాత్రం అనుకోలేదు.

ఆ రోజే అటక మీంచి అన్నీ దించి షాపుకు మోసుకెళ్లాను. షాపు కట్టేసే ముందు రోజూ కొన్ని విప్పాను. పగిలిన అద్దాలు తీసేశాను. చెమ్మ పట్టిన కాగితాలను బోర్లా పరిచి ఆరబెట్టాను. పెద్ద పటాల్లో చుట్టూ పాడైన మేరకు కత్తిరించి, దేవుడి మేరకు మిగుల్చుకుని, చేతిలో పట్టే చిన్న ఫ్రేముల్లోకి దించాను. పాత టేకు చెక్కనే కోసి పాలిష్ పెట్టాను. ఆంజనేయుడి ముఖం మీది మసిని దూదితో తుడిచాను. మసి కింద ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా దేవుడి సేవ ఎప్పుడూ చేయలేదు. చేయించింది భక్తి కాదు, కోపం. పటాల మీద దాని ఆనవాలు కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

మా ఆవిడకు నా ఆలోచన చెప్పాను. వింటూ శనగలు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"వస్తరంటరా?"

"నువ్వు బొట్టు పెట్టి పిలిస్తే రామని అనగలరా?"

అనలేరు. కుంకుమ పెట్టి పేరంటానికి పిలిస్తే కాదనకూడదు. దోషమున్న ఇంటికి వెళ్లకూడదని నమ్మినవాళ్లే అదీ నమ్ముతారు. శ్రావణమాసం చివరి శుక్రవారం పొద్దున్న ఆవిడ భరిణె పట్టుకుని ప్రతి గుమ్మమూ ఎక్కింది. సాయంత్రానికి అందరూ వచ్చారు, కొంచెం బిర్రబిగుసుకుని, మా అటక వైపు చూడకుండా. అటక ఖాళీగా, సున్నం వేసి ఉంది.

నేను వంటింట్లో తలుపు వెనక కూర్చున్నాను. పేరంటంలో మగవాడి స్థానం అదే. మా ఆవిడ హారతి ఎత్తుకుంది. రెండు శుక్రవారాలు లోపల పెట్టుకున్న పాట. పూర్తయ్యాక టీచరుగారు ముక్కు చీదుకోవడం వినిపించింది.

తర్వాత వాయనాలు. ఒక్కొక్కరి వాయనం పైన కొత్త జాకెట్టు గుడ్డ కప్పి, లోపల శనగలు, తమలపాకులు, అడుగున వాళ్ల వాళ్ల దేవుడు. వెనకాల పెన్సిలుతో నంబరు ఉందిగా, తప్పు జరిగే వీలే లేదు.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఒక్కొక్కరూ కొంగు పట్టి, కళ్లకద్దుకుని పుచ్చుకున్నారు. ప్రెసిడెంటుగారి భార్య వంతు వచ్చినప్పుడు, "బరువున్నదేందక్కా?" అంది. "లక్ష్మి గద చెల్లె, బరువే ఉంటది" అంది మా ఆవిడ. ఆ గొంతులో ఏ తేడా లేదు. నాకే భయం వేసింది.

అందరూ వెళ్లాక ప్రెసిడెంటుగారు తువ్వాలులో చుట్టుకుని పటం తెచ్చాడు.

"సార్, గిదేం పని?"

"ఏమైందండీ?"

"మా లక్ష్మి మల్ల మా ఇంటికే వచ్చింది."

"లక్ష్మి ఇంటికొస్తే సంతోషించాలి గానీ..."

"మజాక్ జేయకుండ్రి సార్. మా ఇంట్లామె వాయనం కింద పట్టుకున్నదట. వాపస్ ఇయ్యొద్దంటది, పారెయ్యొద్దంటది. శుక్రవారం పూట వచ్చిన లక్ష్మిని బయట పెడితే ఇల్లు పట్టుకుంటదా అని ఏడుస్తున్నది. ఆమెకు తెల్వకుంట తెచ్చిన. మీరే జర తీసుకోండ్రి." తువ్వాలు ముందుకు చాచాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నా వల్ల కాదండీ. నాకు భయం."

"మీకు భయమేంది? మీరు నాస్తికులు గద!"

"మానేశాను."

"ఎప్పుడు?"

"వరలక్ష్మీ వ్రతం నాడు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. అయినా అబద్ధమని అనలేకపోయాడు. నమ్మకం లేదన్నవాణ్ణి అందరూ రుజువు అడుగుతారు గానీ, నమ్ముతున్నానన్నవాణ్ణి ఎవరూ అడగరు. లక్ష్మిని మళ్లీ తువ్వాలులో చుట్టుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాటతో మా బిల్డింగులో గుమ్మం దగ్గర లెక్కకు దొరికే ఒకే ఒక్క నాస్తికుడు లేకుండా పోయాడు. ఆ సర్వే అమ్మాయి కొట్టిందే చివరికి నిజమైంది. పాత పుస్తకాల్లోంచి ఇన్నేళ్లు కూడబెట్టుకున్నది అంత చిన్న పనికి ఖర్చుపెట్టానని నొప్పిగానే ఉంది. ఇంతకంటే పెద్ద పనికి అది ఎప్పుడైనా ఉపయోగపడిందా అంటే, దేవుడెరుగు.

కాసేపటికి పై నుంచి మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. ప్రెసిడెంటుగారి గోడ. తర్వాత రెండో అంతస్తు నుంచి ఇంకో సుత్తి. నాది పటాల పని కనక చప్పుడును బట్టే తెలుస్తుంది, పైన మేకు వంకరగా దిగుతోంది, పటం నిలవదు. రెండు నిమిషాల పని. అంతకుముందైతే నా సుత్తి పట్టుకుని నేనే వెళ్లేవాణ్ణి.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను వాయనాల్లో మిగిలిన శనగలు నోట్లో వేసుకుని నములుతూ కూర్చున్నాను.